ఇస్లాంలో కారుణ్యం, న్యాయం, సార్థక జీవనం

ఇస్లాం దృష్టిలో న్యాయం అంటే ఎవరి హక్కు వారికి చెల్లించడం. కారుణ్యం అంటే తనకు రావలసిన దానిలో కొంత వదులుకోవడం, ఇవ్వవలసిన దానికి మించి ఇవ్వడం. మొదటిది ప్రతి మనిషి మీదా ఉన్న విధి. రెండోది ఆ విధి తీరిన చోట మొదలయ్యే ఔదార్యం. చేసిన ప్రతి పనికీ మరణానంతరం లెక్క చెప్పుకోవాలన్న ఎరుకతో ఈ రెంటినీ నిత్యజీవితంలో పాటించినప్పుడే బతుకు సార్థకమవుతుందని ఖురాన్, ముహమ్మద్ ప్రవక్త మాటలను, చేతలను నమోదు చేసిన హదీసులు బోధిస్తాయి. 7వ శతాబ్దపు అరేబియాలో వెలువడిన ఈ బోధనలు ధర్మశాస్త్రం, తత్త్వచర్చ, సూఫీ మార్గం ద్వారా విస్తరించాయి. తెలుగు నేలపై గోల్కొండ సుల్తానుల పాలన, దర్గాలు, పీర్ల పండుగ, ఖురాన్ అనువాదాలు వీటిని జనజీవితంలోకి తెచ్చాయి. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం అడవి అంచున ఉన్న ప్రాంతానికి ఈ చరిత్రలో తనదైన చోటు ఉంది.

కారుణ్య భావన

ఖురాన్‌లో 114 సూరాలు, అంటే అధ్యాయాలు, ఉన్నాయి. వాటిలో 113 సూరాలు అల్లాహ్‌ను కరుణామయుడిగా, కృపాశీలుడిగా తలచుకునే బిస్మిల్లాతో మొదలవుతాయి. తొమ్మిదోదైన తౌబా సూరాకు మాత్రం అది లేదు. 27వదైన నమ్ల్ సూరాలో సులైమాన్ ప్రవక్త లేఖలో భాగంగా అది మరోసారి వస్తుంది. అన్నం ముందు కూర్చున్నా, ప్రయాణం కట్టినా, కొత్త పని తలపెట్టినా ముస్లింలు బిస్మిల్లా అనే మొదలుపెడతారు. దేవుడికి చెప్పే 99 పేర్లలో రహ్మాన్, రహీమ్ అందరి నోటా ఎక్కువగా వినిపించేవి.

అల్లాహ్ కారుణ్యాన్ని తన మీద తానే విధించుకున్నాడని ఆరో సూరా, ఆ కారుణ్యం సమస్తాన్నీ ఆవరించి ఉందని ఏడో సూరా చెబుతాయి. బుఖారీ, ముస్లిం అనే పండితుల సంకలనాల్లోని ఒక హదీసు ప్రకారం దైవకారుణ్యాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమే భూమికి దిగింది. ప్రాణులు ఒకదానిపై ఒకటి చూపే దయంతా ఆ ఒక్క భాగంలోనిదే. పిల్ల నలుగుతుందేమోనని పశువు కాలు పైకెత్తుకోవడం కూడా అందులో చేరుతుంది. మిగిలిన 99 భాగాలు తీర్పు దినం కోసం దాచి ఉంచినవి.

ముహమ్మద్ ప్రవక్తను సకల లోకాలకు కారుణ్యంగా పంపినట్టు 21వ సూరా చెబుతుంది. తాయిఫ్ పట్టణంలో రాళ్లు రువ్వి తరిమినవారిని ఆయన శపించలేదని, 630లో మక్కాను గెలిచినప్పుడు ఏళ్ల తరబడి హింసించినవారిలో అత్యధికులను క్షమించారని ప్రవక్త చరిత్రకారులు నమోదు చేశారు. దప్పికతో నాలుక చాపిన కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాగించిన పతిత క్షమాపణ పొందిందనీ, పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందనీ హదీసులు చెబుతాయి. మూగజీవి పట్ల నడవడి కూడా మనిషి లెక్కలోకి వస్తుందని ఈ రెండు కథల సారం.

ఈ కారుణ్యం అన్యాయాన్ని చూసీచూడనట్టు వదిలేయడం కాదు. సోదరుడు పీడితుడైనా, పీడించేవాడైనా అతడికి సాయపడాలని ప్రవక్త అన్నప్పుడు, పీడించేవాడికి సాయపడటం ఎలాగని అనుచరులు అడిగారు. అతడి చేయి పట్టి ఆపడమే ఆ సాయమని ఆయన వివరించారు.

న్యాయ భావన

57వ సూరా ప్రకారం ప్రవక్తలను గ్రంథంతో పాటు త్రాసునూ ఇచ్చి పంపింది జనం న్యాయం మీద నిలబడటానికే. 55వ సూరా ఆకాశాన్ని నిలబెట్టడం, త్రాసును నెలకొల్పడం ఒకేచోట చెప్పి, తూకంలో తగ్గించవద్దని హెచ్చరిస్తుంది. 83వ సూరా మొదలయ్యేదే తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచే వ్యాపారుల మీద. విశ్వాన్ని నడిపే నియమమూ అంగట్లో తూకమూ ఖురాన్‌కు వేరువేరు విషయాలు కావు.

న్యాయం ఎంతవరకు వర్తిస్తుందో రెండు వాక్యాలు తేల్చి చెబుతాయి. నాలుగో సూరా 135వ వాక్యం ప్రకారం తనకో, తల్లిదండ్రులకో, బంధువులకో నష్టం కలిగినా సరే న్యాయం వైపే సాక్ష్యం చెప్పాలి. ఎదుటివాడు ధనికుడని మొగ్గకూడదు, పేదవాడని జాలితోనూ మొగ్గకూడదు. ఐదో సూరా 8వ వాక్యం ప్రకారం ఒక జాతి మీద ఉన్న ద్వేషం కూడా న్యాయం తప్పడానికి సాకు కారాదు.

నాలుగో సూరాలోనే 105వ వాక్యం నుంచి సాగే భాగానికి వ్యాఖ్యాతలు ఒక సందర్భం చెబుతారు. మదీనాలో ఒక ముస్లిం కవచం దొంగిలించి, ఆ నేరాన్ని ఒక యూదుడి మీదికి నెట్టాడు. అతడి వంశస్థులంతా అతడినే వెనకేసుకొచ్చారు. యూదుడు నిర్దోషి అని తేల్చిన ఆ వాక్యాలు, ద్రోహుల తరఫున వాదించవద్దని ప్రవక్తకే చెప్పాయి. మరో ఘటనలో దొంగతనం చేసిన ఒక గొప్పింటి స్త్రీని విడిచిపెట్టమని సిఫారసు వచ్చింది. తన కుమార్తె ఫాతిమా చేసినా శిక్ష ఇదేనని ప్రవక్త బదులిచ్చారు. గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించడం వల్లే పూర్వ సమాజాలు నాశనమయ్యాయని కూడా ఆయన చెప్పారు.

16వ సూరా 90వ వాక్యం న్యాయాన్ని, ఉపకారాన్ని, బంధువులకు పెట్టడాన్ని ఒకే వరుసలో ఆదేశిస్తుంది. న్యాయం ముందు వచ్చి, ఉపకారం దాని వెంట వస్తుంది. 717 నుంచి 720 వరకు పాలించిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఈ వాక్యాన్ని శుక్రవారపు మసీదు ప్రసంగమైన ఖుత్బాలో చేర్చారంటారు. నేటికీ ఎన్నో మసీదుల్లో జుమా ఖుత్బా దీనితోనే ముగుస్తుంది.

హక్కులు, లెక్క

ఇస్లామిక్ ధర్మశాస్త్రం మనిషి బాధ్యతలను రెండుగా విడదీస్తుంది. నమాజు, రోజా వంటివి అల్లాహ్ హక్కులు (హుఖూఖుల్లాహ్). అప్పు, కూలి, వారసత్వం, పరువు వంటివి మనుషుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్). అల్లాహ్ హక్కులో లోపం జరిగితే తౌబా, అంటే పశ్చాత్తాపం, సరిపోతుంది. చేసిన తప్పును మానేయాలి, దానికి బాధపడాలి, మళ్లీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. మనుషుల హక్కు కాజేస్తే ఈ మూడూ చాలవు. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, లేదా నష్టపోయిన మనిషి మనస్ఫూర్తిగా మాఫ్ చేయాలి. ఎవరి హక్కును క్షమించే అధికారం వారిదే అన్న ఈ సూత్రం కారుణ్యానికీ న్యాయానికీ మధ్య హద్దు గీస్తుంది.

దీన్ని వివరించే హదీసు ఒకటి ప్రసిద్ధం. అసలైన దివాలాకోరు ఎవరని ప్రవక్త అడిగితే, డబ్బూ దస్కం లేనివాడని అనుచరులు అన్నారు. ఆయన లెక్క వేరు. నమాజులు, ఉపవాసాలు, దానాలు మోసుకుని తీర్పు దినాన వచ్చినా, ఒకరిని తిట్టి, ఒకరిపై నింద వేసి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి ఉన్నవాడే దివాలాకోరు. అతడి పుణ్యాలన్నీ బాధితులకు పంచగా, అవి చాలకపోతే వారి పాపాలు అతడి మీదికి వస్తాయి.

అప్పు విషయంలో పట్టు మరీ ఎక్కువ. బాకీ తీర్చకుండా చనిపోయినవారి జనాజా నమాజుకు (అంత్యక్రియల ప్రార్థనకు), ఎవరైనా ఆ బాకీ తమ మీద వేసుకునే దాకా ప్రవక్త ముందుకు రాలేదని, ధర్మమార్గంలో ప్రాణమిచ్చిన వీరుడికి సైతం అప్పు మాఫీ కాదని హదీసులున్నాయి. ఖురాన్‌లోని అతి పొడవైన వాక్యం, రెండో సూరా 282వది, అప్పు పత్రం రాసుకోవడం గురించే. రాసేవాడు ఎవరు, సాక్షులు ఎందరు, గడువు ఎంత అన్నవన్నీ అది చెబుతుంది. దానికి రెండు వాక్యాల ముందే, బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే చేతికి డబ్బు వచ్చేదాకా ఆగాలని, పూర్తిగా వదిలేస్తే ఇంకా మేలని ఉంది. పత్రం న్యాయం కోసం, గడువు కారుణ్యం కోసం.

శిక్ష, క్షమ

హత్య, గాయం విషయంలో ఖురాన్ సమాన ప్రతీకారాన్ని (ఖిసాస్) అనుమతిస్తూనే, బాధిత కుటుంబానికి పరిహార ధనం (దియత్) తీసుకునే వీలును, పూర్తిగా క్షమించే వీలును కల్పించింది. క్షమిస్తే అది వారి పాపాలకు ప్రాయశ్చిత్తమవుతుందని ఐదో సూరా ప్రోత్సహిస్తుంది. అయితే క్షమించాల్సింది పాలకుడు కాదు, నష్టపోయినవారు. ఇస్లాంకు ముందరి అరేబియాలో ఒక హత్యకు వంశాల మధ్య తరతరాల వైరం నడిచేది. శిక్షను నేరస్థుడి వరకే పరిమితం చేయడం ఆ కాలానికి పెద్ద మార్పు.

నిర్ణీత శిక్షల (హుదూద్) విషయంలో అనుమానం ఉంటే శిక్ష ఆపాలన్నది న్యాయవేత్తలు అంగీకరించిన సూత్రం. రెండో ఖలీఫా ఉమర్ 639 ప్రాంతపు కరువులో, ఆకలికి దొంగతనం చేసినవారికి చేయి నరికే శిక్ష నిలిపివేశారని సంప్రదాయం. జనానికి తిండి అందించే బాధ్యత తీరకుండా శిక్షించే హక్కు పాలకుడికి ఉండదని ఈ ఉదంతం ఆధారంగా చాలామంది న్యాయవేత్తలు వాదించారు. ఈ శిక్షలు నేటి భారతదేశంలో అమలులో లేవు, ఇక్కడ నేరాలకు అందరికీ ఒకే శిక్షాస్మృతి ఉంది. ముస్లిం వ్యక్తిగత చట్టం పెళ్లి, విడాకులు, వారసత్వం, వక్ఫ్ వంటి విషయాలకే పరిమితం.

సంపద, కూలి, దానం

ఉన్నవారి సొమ్ములో లేనివారికి తెలిసిన వాటా ఉందని ఖురాన్ చెబుతుంది. అందుకే జకాత్ అనే విధిదానం ఇచ్చేవారి దయాధర్మం కాదు, తీసుకునేవారి హక్కు. భారతదేశంలో హనఫీ లెక్క ప్రకారం 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువకు తగ్గని సంపద చాంద్రమాన సంవత్సరం పాటు ఉంటే అందులో 2.5 శాతం జకాత్ ఇవ్వాలి. పంటకు లెక్క వేరు. వానకు పండినదానిలో పదో వంతు, నీరు తోడి తడిపి పండించినదానిలో ఇరవయ్యో వంతు. రైతు చాకిరీ, ఖర్చు పెరిగే కొద్దీ భారం తగ్గేలా ఈ ఏర్పాటు ఉంది. జకాత్ ఎవరికి చెందుతుందో తొమ్మిదో సూరా ఎనిమిది వర్గాలుగా చెబుతుంది. నిరుపేదలు, అవసరంలో ఉన్నవారు, అప్పుల్లో కూరుకున్నవారు, దారిలో చిక్కుకున్న బాటసారులు, బానిసత్వం నుంచి విడుదల కోరేవారు అందులో ఉన్నారు.

రంజాన్ పండుగ నమాజుకు ముందే పేదలకు ఫిత్రా అనే దానం ఇవ్వాలి. పండుగ పూట ఏ ఇంటా పొయ్యి వెలగకుండా ఉండకూడదన్నది దాని ఉద్దేశం. బక్రీద్ ఖుర్బానీ మాంసాన్ని ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు మూడు వాటాలు చేయడం ఆనవాయితీ. ఉపవాసం ఉండలేని వృద్ధులు, రోగులు రోజుకొక పేదకు అన్నం పెడతారు. తగిన కారణం లేకుండా రోజాను భంగం చేసుకున్నవారికి చెప్పిన పరిహారాల్లో అరవైమంది పేదలకు భోజనం పెట్టడం ఒకటి. భక్తిలో జరిగిన లోటును సైతం ఆకలి తీర్చి పూడ్చుకోవాలన్నది ఈ నియమాల తీరు.

వడ్డీని ఖురాన్ నిషేధించింది, వ్యాపారాన్ని అనుమతించింది. లాభనష్టాలు పంచుకునే భాగస్వామ్యం ధర్మబద్ధం. ఎదుటివాడి కష్టంతో నిమిత్తం లేకుండా పెరిగే రాబడి అధర్మం. కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలని హదీసు చెబుతుంది. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి తీర్పు దినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ ప్రకటించినట్టు మరో హదీసు ఉంది.

సార్థక జీవితం

మనిషిని భూమిపై ప్రతినిధిగా (ఖలీఫా) నియమించినట్టు ఖురాన్ రెండో సూరా చెబుతుంది. ఆకాశాలు, భూమి, పర్వతాలు మోయలేమన్న బాధ్యతను (అమానత్) మనిషి తలకెత్తుకున్నాడని 33వ సూరా అంటుంది. ప్రతినిధి యజమాని కాడు. ఒళ్లు, ఆయుష్షు, సొమ్ము, నేల, అడవి, నీరు అప్పగింతగా వచ్చినవే. వాటిని ఎలా వాడుకున్నదీ చెప్పాలి. ఒకరు నాటిన చెట్టు నుంచి మనిషో, పక్షో, పశువో తిన్నదంతా నాటినవారికి దానంగా జమ అవుతుందన్న హదీసు ఈ దృష్టిలోంచి వచ్చినదే.

మనుషులను, జిన్నులను సృష్టించింది ఆరాధన కోసమేనని 51వ సూరా చెబుతుంది. ఆరాధన నమాజుతో ఆగిపోదు. సంకల్పం (నియ్యత్) మంచిదైతే సంపాదన, సంసారం, నిద్ర కూడా ఆరాధనే. బుఖారీ సంకలనం మొదలయ్యే హదీసు కర్మల విలువ సంకల్పాన్ని బట్టేనని చెబుతుంది. ఎదుటివారిని చూసి నవ్వడం, దారిలో ముల్లు తీసేయడం, దాహంతో ఉన్నవారికి నీళ్లివ్వడం దానాలుగా లెక్కకు వస్తాయి. 107వ సూరా అనాథను గెంటేసేవాడిని, ఇరుగుపొరుగుకు చిన్న వస్తువు కూడా అరువివ్వనివాడిని, చూపు కోసం నమాజు చేసేవాడిని ఒకే గాటన కడుతుంది.

కష్టంలో ఓర్పు (సబ్ర్), సుఖంలో కృతజ్ఞత (షుక్ర్), ఫలితం విషయంలో దైవం మీద భరోసా (తవక్కుల్) ఈ జీవితానికి ఆధారాలు. ఒంటెను ముందు కట్టేసి తరువాత దేవుడిపై భారం వేయమన్న హదీసు వల్ల భరోసా చేతులు ముడుచుకోవడం కాదని తెలుస్తుంది. సన్యాసానికి ఇస్లాంలో తావు లేదు. భార్యాబిడ్డల హక్కు, అతిథి హక్కు, సొంత ఒంటి హక్కు తీర్చకుండా రాత్రంతా ప్రార్థనలో గడిపే అనుచరుడిని ప్రవక్త వారించారు.

సిద్ధాంత చర్చలు

దేవుడి న్యాయం మనిషి బుద్ధికి అందుతుందా అన్న ప్రశ్న 8వ శతాబ్దం నుంచి ముస్లిం ఆలోచనాపరులను చీల్చింది. బస్రా, బాగ్దాద్ కేంద్రాలుగా ఎదిగిన ముతజిలా వర్గం దైవన్యాయాన్ని తమ ఐదు మూలసూత్రాల్లో ఒకటిగా పెట్టుకుంది. మంచిచెడులు బుద్ధికి తెలుస్తాయని, మనిషికి స్వేచ్ఛ లేకపోతే శిక్షించడం అన్యాయమని వారు వాదించారు. 936 ప్రాంతంలో మరణించిన అష్అరీ, దేవుడు చేసిందే న్యాయమని, ఆయనను బయటి కొలతతో కొలవలేమని బదులిచ్చాడు. 944లో మరణించిన మాతురీదీ మధ్యేమార్గం పట్టాడు. దక్షిణాసియాలోని హనఫీ ముస్లింలలో అధికులు మాతురీదీ సంప్రదాయానికి చెందినవారు. షియా సంప్రదాయంలో దైవన్యాయం (అద్ల్) మౌలిక విశ్వాసాల్లో ఒకటి.

గజాలీ (1058–1111) ధర్మశాస్త్రం మొత్తం ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతతి, సంపద అనే ఐదింటి రక్షణ కోసమేనని సూత్రీకరించాడు. 1388లో మరణించిన అండలూసియా పండితుడు షాతిబీ దాన్ని విస్తరించాడు. అన్యాయం నాగరికతనే కూల్చేస్తుందని, జనం సొమ్మును అక్రమంగా లాక్కుంటే వారు పనిచేయడమే మానేస్తారని ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) చరిత్ర ఆధారంగా విశ్లేషించాడు. సూఫీలు ఇదే విషయాన్ని హృదయం వైపు నుంచి చూశారు. 801లో మరణించిన బస్రా వాసి రాబియా నరక భయం, స్వర్గాశ లేని ప్రేమను బోధించింది. అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ పరంపర ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడాన్ని ఆరాధనల్లో మిన్నగా నిలిపింది.

తెలుగు నేలపై

1518 నుంచి 1687 వరకు గోల్కొండను పాలించిన కుతుబ్ షాహీలు షియాలు. 680లో కర్బలాలో అన్యాయ పాలనకు తలవంచక అమరుడైన ఇమామ్ హుసేన్ స్మరణకు వారు రాజాదరణ ఇచ్చారు. హైదరాబాదులో అషూర్‌ఖానాలు వెలిశాయి. ఊళ్లలో మొహర్రం పీర్ల పండుగై, అన్ని కులాల వారూ పీర్లను ఎత్తి, గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడే వేడుకగా స్థిరపడింది. ఖమ్మం జిల్లా చింతకానికి చెందిన కవి, పరిశోధకుడు అఫ్సర్ ఈ ఉమ్మడి భక్తిని అనంతపురం ప్రాంతపు గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండుగ ఆధారంగా 2013లో వెలువడిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' గ్రంథంలో పరిశీలించాడు.

తెలుగే ఇంటి భాషగా ఉన్న దూదేకుల, నూర్‌బాషా ముస్లింలు ఈ బోధనలను తెలుగు మాటల్లోనే తరాలకు అందించారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) సూఫీ భావాన్ని తెలుగు పద్యంలోకి తెచ్చాడు. ఖురాన్‌కు తొలి తెలుగు అనువాదం చేసినవాడు ముస్లిమేతరుడైన భాషాపండితుడు చిలుకూరి నారాయణరావు. ఆ తరువాత ముస్లిం పండితుల అనువాదాలు వరుసగా వచ్చాయి. హైదరాబాదు నుంచి వెలువడే గీటురాయి పత్రిక ఇస్లామిక్ నీతి, సామాజిక విషయాలను తెలుగులో చర్చిస్తోంది.

హైదరాబాదు ప్రపంచ ఇస్లామిక్ పాండిత్యానికీ తోడ్పడింది. మార్మడ్యూక్ పిక్థాల్ ఖురాన్ ఆంగ్లానువాదం నిజాం ఆదరణతో పూర్తయి 1930లో వెలువడింది. హైదరాబాదులో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించాడు. ముస్లింలు, యూదులు, ఇతరుల హక్కులను పేర్కొన్న మదీనా ఒడంబడికను ప్రపంచంలో తొలి లిఖిత రాజ్యాంగంగా ప్రతిపాదించింది ఆయనే.

కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతం

2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గోదావరి తీరపు అడవులు, కోయ గూడేలు, బొగ్గు గనుల సీమ. 1871లో ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. గనుల చుట్టూ పెరిగిన ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు పట్టణాలకు నానా ప్రాంతాల నుంచి కార్మికులు వచ్చి స్థిరపడ్డారు. ఉర్దూ, తెలుగు మాట్లాడే ముస్లింలూ వారిలో ఉన్నారు.

న్యాయం, కారుణ్యం గురించి ఈ నేల చెప్పుకునే అతి పెద్ద కథ రామదాసుది. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్మును భద్రాచలం రామాలయ నిర్మాణానికి వెచ్చించాడన్న ఆరోపణపై అతడిని గోల్కొండలో బంధించారు. రామలక్ష్మణులు మారువేషంలో తానీషా వద్దకు వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తీసుకున్నారని, సుల్తాను వెంటనే గోపన్నను విడిపించి ఆలయానికి కానుకలు ఇచ్చాడని భక్తుల గాథ. తానీషా స్వయంగా షా రాజూ అనే సూఫీ గురువు శిష్యుడు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయనతోనే మొదలైందని చెబుతారు. నిజాముల కాలంలోనూ, తరువాతి ప్రభుత్వాల కాలంలోనూ అది కొనసాగింది.

ఇస్లామిక్ హక్కుల సూత్రంతో చూస్తే ఈ గాథ నడక గమనించదగినది. ఖజానా జనం సొమ్ము. దైవకార్యానికి వాడినా సరే, దాన్ని మాఫ్ చేయడం సుల్తాను సొంత హక్కు కాదు. బాకీ తీరాకే విడుదల జరిగింది. ఆ తరువాతి కానుకలు, ముత్యాలు మాత్రం పాలకుడు విధికి మించి చేసినవి. న్యాయం తీరిన చోటనే ఔదార్యం మొదలవుతుందన్న క్రమాన్ని హిందూ భక్తి గాథ, ముస్లిం పాలకుడి పాత్ర ద్వారా నిలబెట్టింది.

ఇల్లెందు సమీపంలోని సత్యనారాయణపురంలో హజ్రత్ నాగుల్ మీరా దర్గా ఉంది. ఉర్సు రోజుల్లో హిందువులు, ముస్లింలు కలిసి వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. తెలుగునాట దర్గాల దగ్గర గంధం, ఛాదర్ సమర్పించడం, ఫాతెహా చదివించడం, కందూరు చేసి వచ్చినవారందరికీ అన్నం పెట్టడం మామూలు. వలీల (సూఫీ సాధువుల) మధ్యవర్తిత్వం కోరడం ధర్మసమ్మతం కాదని సంస్కరణవాద ముస్లింలు వాదిస్తారు. అది దైవకారుణ్యానికి దారి చూపేదేనని సూఫీ సంప్రదాయం నమ్ముతుంది. కులమతాలు చూడకుండా అన్నం పెట్టడం దగ్గర మాత్రం ఇరువర్గాలకూ పేచీ లేదు.

తన వర్గానికి వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పాలన్న ఖురాన్ ఆదేశానికి ఆధునిక ఉదాహరణ ఖమ్మం ప్రాంతంలో 1920లో పుట్టిన పాత్రికేయుడు షోయబుల్లా ఖాన్. ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రికను నడుపుతూ, నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టి, హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో హైదరాబాదులో రజాకార్లు ఆయన చేయి నరికి హత్య చేశారు. జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ విసునూరు దేశ్‌ముఖ్‌పై భూమి కోసం కోర్టులో పోరాడి గెలిచి, ఆ గెలుపుకు ప్రాణం మూల్యంగా చెల్లించాడు. తెలంగాణ రైతాంగ పోరాట జ్ఞాపకంలో ఆయన నిలిచిపోయాడు.

చట్టం, సమకాలీన చర్చలు

భారతదేశంలో 1937 షరియత్ చట్టం, స్త్రీలకు విడాకులు కోరే హక్కును స్పష్టపరచిన 1939 చట్టం ముస్లిం కుటుంబ న్యాయానికి పునాది. 1985 షాబానో తీర్పు, 1986 చట్టం, దాన్ని స్త్రీలకు మేలు చేసేలా వ్యాఖ్యానించిన 2001 డేనియల్ లతీఫీ తీర్పు విడాకులు పొందిన స్త్రీ భరణాన్ని చర్చకు తెచ్చాయి. ఒకే విడత ముమ్మారు తలాక్‌ను సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న కొట్టివేసింది. 2019 చట్టం దాన్ని నేరం చేసింది. భార్య కోరే ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. పెళ్లిలో భర్త ఇవ్వవలసిన మహర్ భార్య హక్కు అయినా, ముస్లిం కుటుంబాల్లోకీ పాకిన కట్నం దానికి పూర్తిగా విరుద్ధం. మత పెద్దలు, స్త్రీవాదులు ఇద్దరూ ఈ విషయంలో ఒక్కమాట మీద ఉన్నారు.

సామాజిక న్యాయం రెండో చర్చనీయాంశం. 2006 సచార్ కమిటీ దేశవ్యాప్తంగానూ, 2016 సుధీర్ కమిషన్ తెలంగాణలోనూ ముస్లింల విద్య, ఉపాధి వెనుకబాటును నమోదు చేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకులవారు అప్పటికే బీసీ-బిలో ఉన్నారు. శాశ్వత దానమైన వక్ఫ్ ఆస్తులు 1995 చట్టం కింద రాష్ట్ర బోర్డుల అజమాయిషీలో ఉన్నాయి. వాటి ఆక్రమణ, నిర్వహణ లోపాలు పాత సమస్యలు కాగా, 2025 సవరణ చట్టం న్యాయస్థానాల్లో సవాలును ఎదుర్కొంది.

1990ల నుంచి తెలుగులో ముస్లింవాద సాహిత్యం ఈ ప్రశ్నలను కవిత్వం, కథల్లోకి తెచ్చింది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991), స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన 'జల్‌జలా' (1998) సంకలనం దీనికి మైలురాళ్లు. మెజారిటీ సమాజం నుంచి న్యాయం కోరుతూనే, సొంత ఇంట్లో స్త్రీకి, ముస్లింలలోనే కింది వర్గాలకు జరిగే అన్యాయాన్ని సైతం ఈ రచయితలు ప్రశ్నించారు.